శాస్త్రజ్ఞుల చిట్టా పుస్తకములు

గ్రామములలో లెక్కలు చూచిన పెద్దలకు చిట్టా యననేమో, ఆవర్జా యననేమో నేను వివరింప నక్కఱలేదు. ఏనాడు జరిగినది ఆనాడే, జరిగిన వరుసలోనే వ్రాసికొనునది చిట్టా. ఆ పద్దులను పేరుపేరు వరుసను విడదీసి, మొత్తములు కట్టి, నలుగురికి చూపదగినట్లు తీర్చి వ్రాయునది ఆవర్జా. తగవు వచ్చినప్పుడు తెలిసిన పెద్దమనుష్యులు ముందుగా చిట్టానే తెమ్మందురు. ఏలయన, ఆవర్జాను తీరికగా కూర్చుండి మరల వ్రాయవచ్చును. చిట్టాను దిద్దినచో ఆ దిద్దుబాటు కంటికి కనబడును.

శాస్త్రజ్ఞులకును ఈ రెండు తరగతుల పుస్తకములు కలవు. వారు పత్రికలలో ప్రకటించు పరిశోధన వ్యాసము ఆవర్జా వంటిది. దానిని చదివినచో ప్రయోగము నిర్విఘ్నముగా సాగినట్లును, చేసినవారికి మొదటినుండియు దారి తెలిసియే యున్నట్లును తోచును. ప్రయోగశాలలో బల్లమీద పడియుండు నోటుపుస్తకము చిట్టా. అందు పగిలిన గాజుగొట్టములు, తప్పిన తూకములు, మబ్బు పట్టిన రాత్రులు, ఏమియు తేలని నెలలు అన్నియు నుండును. లోకము చిరకాలము ఆవర్జాను మాత్రమే చూచుచు వచ్చినది. ఇప్పటికి ఇరువది సంవత్సరముల నుండి కొందఱు శాస్త్రజ్ఞులు తమ చిట్టానే అంతర్జాలమున దినదినమును అందఱి యెదుట తెరచి పెట్టుచున్నారు. వారు చేయుచున్న పని మంచిదా, కాదా యను విషయమును గూర్చి నేను కొంత చెప్పదలచితిని. రసాయన ప్రయోగశాలలలో చాలకాలము పనిచేసిన వాడను గనుక ఈ పుస్తకముల మంచిచెడ్డలు నాకు కొంత పరిచితములు.

ప్రయోగశాలలో క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి మొట్టమొదట పుస్తకము వ్రాయుట నేర్పుదురు. పుస్తకము కుట్టినదై యుండవలెను, విడికాగితములు పనికిరావు. పుటలకు ముందే సంఖ్యలు వేయవలెను. సిరాతోనే వ్రాయవలెను. తప్పు పడినచో రుద్ది చెఱపరాదు. క్రింది యక్షరములు కనబడునట్లు ఒక్క గీత గీచి, ప్రక్కను సరియైనది వ్రాసి, తేదీ వేసి, పొడి సంతకము చేయవలెను. పుటలో మిగిలిన ఖాళీ జాగాను అడ్డగీతతో కొట్టివేయవలెను. మఱియొకరు చదివి సాక్షి సంతకము చేయుటయు కలదు. మన దస్తావేజు లేఖరులు కొట్టివేతలకును తుడుపులకును పత్రము చివర వివరము వ్రాయుదురు గదా, ఇదియు అట్టిదే. రెండింటికిని మూలము ఒక్కటే: వ్రాసినవాడు రేపు తనకు అనుకూలముగా మార్చుకొనుటకు వీలు లేకుండుట.

ఇట్టి పుస్తకము వ్రాయుటలో మైకేలు ఫారడేను మించిన వాడు లేడని నా యభిప్రాయము. ఆయన లండనులో పుస్తకములకు అట్టలు కట్టువాని యొద్ద పని నేర్చుకొనిన పేదవాని కుమారుడు. హంఫ్రీ డేవీ గారి యుపన్యాసములు విని, వ్రాసికొని, ఆ కాగితములను తానే చక్కగా కుట్టి, అట్ట కట్టి, వారికే పంపి, దాని మూలముననే 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగము సంపాదించెను. 1831 ఆగస్టు 29వ తేదీ పుటలో ఇనుప కడియమునకు రెండు ప్రక్కల రాగితీగలు చుట్టి, ఒక తీగను బ్యాటరీకి తగిలించినప్పుడును, విప్పినప్పుడును రెండవ తీగ చెంతనున్న సూచి కదలిన సంగతి యున్నది. నేడు మన యూరి ట్రాన్స్‌ఫార్మరు పనిచేయుట కాధారము ఆ పుటయే. 1832 మొదలుకొని ఆయన తన పద్దులకు వరుస సంఖ్యలు వేయుచు వచ్చెను. 1860 నాటికి ఆ సంఖ్య పదునాఱు వేలు దాటెను. 1849లో భూమ్యాకర్షణకును విద్యుత్తునకును సంబంధము కలదేమో యని తీగచుట్టల నడుమ బరువులు జారవిడిచి చూచెను. సూచి కదలలేదు. ఆ కదలకపోవుటను సైతము అంతే శ్రద్ధతో వ్రాసెను. ఆ పుస్తకములు అచ్చునకు వచ్చినది మాత్రము 1932–1936 మధ్యను, ఆయన గతించిన అరువదియైదు సంవత్సరములకు.

అంతకు రెండు శతాబ్దములకు ముందే ఇటలీ దేశమున గెలీలియో తన చిట్టానే అచ్చు వేయించెను. 1610 జనవరి 7వ తేదీ రాత్రి దూరదర్శినితో గురుగ్రహమును చూడగా దాని ప్రక్కను మూడు చిన్న చుక్కలు కానవచ్చెను. మఱునాడు అవి స్థానము మారెను. 9వ తేదీన మబ్బు పట్టెను. ఏమియు కనబడలేదని వ్రాసెను. 13వ తేదీన నాలుగవ చుక్క కానవచ్చెను. ఇట్లు రాత్రి తరువాత రాత్రి తాను గీచికొనిన గుర్తులను అట్లే ఆ సంవత్సరము మార్చి నెలలో పుస్తకముగా వెలువరించెను. గురునకు నాలుగు చంద్రులు కలరని ఆయన మాటగా చెప్పియుండినచో నమ్మని వారు, ఆ వరుసను చూచిన పిమ్మట తామే దూరదర్శినులు సంపాదించి చూడ మొదలిడిరి.

అయితే అదే గెలీలియో, అదే సంవత్సరమున, శనిగ్రహమునకు రెండు ప్రక్కల ఏవో రెండు గుండ్రనివి కలవని కనిపెట్టి, ఆ సంగతిని స్పష్టముగా చెప్పక, ఒక వాక్యమును లాటిను భాషలో వ్రాసి, దాని యక్షరములను కలగాపులగము చేసి, ప్రేగు నగరమునకు పంపెను. తరువాత ఎవడైన నేను ముందు చూచితి నన్నచో అక్షరములను విప్పి చూపవచ్చునని ఆయన యుద్దేశము. పాపము, కెప్లరు మహాశయుడు ఆ చిక్కును విప్పబోయి, అంగారకునకు రెండు చంద్రులు కలరని దాని యర్థముగా తేల్చెను. గెలీలియో చెప్పదలచినది అది కాకపోయినను, అంగారకునకు నిజముగనే రెండు చంద్రులు కలరని 1877లో తెలియవచ్చుట వేడుక కాదా! చంద్రులను చాటిన వాడే శనిని దాచిన వాడు. నాటినుండి నేటివఱకును శాస్త్రజ్ఞుని మనస్సులో ఈ రెండు గుణములును ప్రక్కప్రక్కనే కాపురము చేయుచున్నవి.

దాచుటలోని నష్టము మనకు తెలియనిది కాదు. పాముకాటుకో, పక్షవాతమునకో మంచి మందు నెఱిగిన వైద్యుడు కన్నకొడుకునకైన చెప్పక కన్ను మూసినాడను మాట వినని పల్లె యున్నదా? ఆ మందు పనిచేసినదో లేదో తేల్చుటకును ఇప్పుడు వీలులేదు. మహా విద్యాలయములలోను ఇట్టివి జరిగినవి. 1895లో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే గారితో కలిసి, శరీరములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తి నిచ్చు పదార్థములను గూర్చియు గొప్ప పని చేసిరి. కాని ఆ ప్రయోగశాలలో వారు వేఱు చేసిన కొన్ని పదార్థములు వెలుగులోనికి రాలేదనియు, వానిని ఇతరులు తరువాత మరల క్రొత్తగా కనిపెట్టవలసి వచ్చెననియు, వారిని ఎఱిగి, 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్సు చెప్పియున్నారు. ఒకరు త్రవ్విన నూతిని పూడ్చి, మఱియొకరు అక్కడనే మరల త్రవ్వినట్లయినది. ఆ సంవత్సరములలో ఎందఱు రోగులకు ఆలస్యమైనదో లెక్క కట్టువారెవరు?

చిట్టాకును ఆవర్జాకును భేదము వచ్చిన సందర్భములును కలవు. రాబర్టు మిల్లికన్ నూనె బిందువులను గాలిలో నిలిపి విద్యుత్కణముపై నుండు విద్యుత్తు నెంతో కొలిచి, 1913లో వ్యాసము ప్రకటించెను. అందు 58 బిందువుల లెక్క యున్నది. ఇవి ఏరుకొనినవి కావనియు వ్రాసెను. అరువది యేండ్లకు పైబడిన పిమ్మట జెరాల్డు హోల్టన్ అను చరిత్రకారుడు ఆయన నోటుపుస్తకములను తెరచి చూడగా, వ్యాసమున చేరని బిందువులు మఱి కొన్ని యుండెను. కొన్నింటి ప్రక్కను ఇది చక్కగా నున్నదనియు, ప్రకటింపదగుననియు మెప్పుమాటలు ఉండెను. విడిచిన వానిని చేర్చినను ఫలితము పెద్దగా మారదని తరువాత లెక్క వేసినవారు చూపిరి. ఆయనను మోసగాడని నేను అనను. అయినను, ఏరితి నని చెప్పి ఏరుటకును, ఏరలేదని చెప్పి ఏరుటకును గల భేదమును పంచాయతీ చేసిన మీకు నేను చెప్పవలెనా?

ఇక అంతర్జాలపు సంగతికి వత్తము. బ్లాగు అనునది తేదీ వేసి వ్రాసికొను దినచర్య. క్రొత్త పద్దు పైకి వచ్చును, పాతది క్రిందికి పోవును. చదివినవారు దాని క్రిందనే తమ మాట వ్రాయవచ్చును. వికీ యనునది పలువురు కలిసి వ్రాయు పుస్తకము. దీనియందు నాకు మిక్కిలి నచ్చిన గుణ మొకటి కలదు. ఒక వాక్యమును మార్చినచో పాత వాక్యము నశింపదు. ఎవరు మార్చిరి, ఏ దినమున ఏ గంటకు మార్చిరి అనునది యంత్రమే వ్రాసి భద్రపఱచును. కావలసినవారు పాతదానిని తెరచి చూడవచ్చును. ఒక్క గీతతో కొట్టివేయవలెనను ప్రయోగశాల నిబంధన నిక్కడ మనుష్యుని నిజాయితీపై గాక యంత్రపు కట్టడిపై నిలిచినది.

ఈ సాధనములను నిజమైన ప్రయోగశాల చిట్టాగా వాడినవారిలో ముఖ్యుడు ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయపు రసాయనాచార్యుడు జాన్ క్లాడ్ బ్రాడ్లీ. ఆయన 2005లో మలేరియాకు మందు కాదగిన పదార్థములను వెదకుటకు పూనుకొని, ఆ పనిని మొదట బ్లాగులోను, తరువాత వికీలోను వ్రాయుచు వచ్చెను. 2006లో ఈ పద్ధతికి తెరచిన నోటుపుస్తకపు విజ్ఞానమని పేరు పెట్టెను. మలేరియా యనగానే మన సికిందరాబాదు జ్ఞప్తికి వచ్చును. అక్కడనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని చూచి, తన పుస్తకమున బొమ్మ గీచికొనెను. రాస్ పుస్తకము ఆయన బల్లమీదనే యుండెను. బ్రాడ్లీ పుస్తకము అదే సాయంకాలము ఏ దేశపు విద్యార్థికైనను కానవచ్చుచుండెను. కుదరని ప్రయోగములును అందే యుండెను. రసాయనములో ఈ కుదరని వానికి విలువ యెక్కువ. ఫలాని రెండింటిని కలిపి కాచిన జిగురు తప్ప మఱేమియు రాదని ఒకరు వ్రాసి పెట్టినచో, పది ప్రయోగశాలలవారు ఆ జిగురును మరల మరల కాచుకొను బాధ తప్పును. పత్రికలు ఇట్టి పరాజయములకు ఒక్క పుటయైన విడువవు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మాథ్యూ టాడ్ చేసినది మఱింత స్పష్టమైన యుదాహరణము. నత్తలున్న నీటిలో దిగినవారికి సోకు క్రిమిరోగ మొకటి ఆఫ్రికా దేశములను పీడించుచున్నది. దానికి ప్రాజిక్వాంటెల్ అను చౌక మందు కలదు. ఆ మాత్రలో కుడిచేయి యెడమచేయి వలె ఒకదాని కొకటి ప్రతిబింబములైన రెండు రూపములు సగము సగముగా నుండును. వానిలో ఒకటియే పనిచేయును. రెండవది వట్టి చేదు. మంచి సగమును మాత్రమే చౌకగా చేయుట యెట్లని ఆయన తన పుస్తకమును అంతర్జాలమున తెరచి యడిగెను. కూలి అడుగని రసాయనజ్ఞులు, అందును పరిశ్రమలలో పనిచేయువారు, ఇట్లు చేసి చూడుడని సలహాలు వ్రాసిరి. మార్గము దొరకెను, 2011లో ప్రకటితమయ్యెను.

గణితశాస్త్రమున ఇది రచ్చబండ రూపము దాల్చెను. 2009 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి గణితాచార్యుడు తిమొతీ గవర్స్ తన బ్లాగులో ఒక కఠినమైన లెక్కను పెట్టి, ఎవరికి తోచిన చిన్న యూహను వారు వ్రాయుడు, తప్పైనను సిగ్గుపడకుడు అని పిలిచెను. అది పిల్లలు గళ్లు గీచి సున్నలును ఇంటూలును పెట్టి యాడుకొను ఆటకు దూరపు బంధువైన లెక్క. ముప్పదియేడు దినములలో ఇరువదియేడుగురు ఎనిమిది వందల పద్దులు వ్రాసిరి. వారిలో గొప్ప బిరుదములు పొందిన టెరెన్స్ టావో వంటివారును కలరు, బడిలో పాఠము చెప్పుకొను ఉపాధ్యాయులును కలరు. లెక్క తేలెను. వ్యాసమును ఎవరి పేర వేయవలెనను చిక్కు రాగా, అందఱికిని కలిపి పాలీమాత్ అను కల్పిత నామమును పెట్టిరి.

2013లో మఱియొకటి. 11, 13 వలెను, 17, 19 వలెను రెండేసి భేదముతో నుండు ప్రధాన సంఖ్యల జతలు అంతులేకుండ వచ్చునా యనునది పురాతనమైన ప్రశ్న. అప్పుడు అమెరికాలో నుండిన యీటాంగ్ జాంగ్, భేదము రెండు కాకపోయినను ఏడుకోట్లకు మించని జతలు అంతులేకుండ కలవని నిరూపించెను. అంతట పై మండలివారు బహిరంగముగా పనికి దిగి ఆ ఏడుకోట్లను కొద్ది నెలలలో 4,680కి దించిరి. జేమ్సు మేనార్డు అను యువకుడు వేఱొక మార్గమున 600కు తెచ్చెను. అందఱును కలిసి 246కు చేర్చిరి. ఆ మెట్లన్నియు, తప్పటడుగులతో సహా, చదువదలచినవారికి నేటికిని వ్రాతలో నున్నవి.

ఇంతవఱకును చెప్పినది స్నేహముగా సాగిన పని. తగవు వచ్చినప్పుడు ఈ చిట్టా యెట్లు నిలుచునో చూపు కథ యొకటి కలదు.

2010 డిసెంబరు 2వ తేదీన అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా ఒక పెద్ద ప్రకటన చేసెను. కాలిఫోర్నియాలో మోనో అను ఉప్పు సరస్సు కలదు. దాని నీటిలో పాషాణము మెండు. ఆ సరస్సులో దొరికిన సూక్ష్మజీవి యొకటి భాస్వరమునకు బదులు పాషాణమును తన శరీరమునందు, వంశబీజమగు పదార్థమునందు సైతము, చేర్చుకొని బ్రతుకుచున్నదని సైన్స్ అను ప్రసిద్ధ పత్రికలో వ్యాసము వెలువడెను. భాస్వరము లేనిదే పైరు లేదని రైతునకు తెలియును. చెట్టుకైనను చీమకైనను అంతే. కనుక ఇది నిజమైనచో జీవశాస్త్రమును మొదటినుండి తిరుగ వ్రాయవలసినదే. వార్తాపత్రికలన్నియు మొదటి పుటలో వేసినవి.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున రోజీ రెడ్‌ఫీల్డు అను సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు అప్పుడుండెను. ఆమె 2006 నుండి తన ప్రయోగశాల చిట్టాను బ్లాగుగా వ్రాయుచుండెను. ఆ వ్యాసము వెలువడిన రెండవనాడు, అనగా డిసెంబరు 4వ తేదీన, దానిలోని లోపములను ఒక్కొక్కటిగా వ్రాసెను. వంశబీజ పదార్థమును చాలినంత కడుగకయే పాషాణము కలదని చెప్పుచున్నారనియు, పెంపకపు నీటిలో మలినముగా నున్న కొంచెము భాస్వరమే ఆ జీవి బ్రతుకుటకు చాలియుండవచ్చుననియు ఆమె వాదము. వ్యాసకర్తలు పత్రిక ద్వారా వచ్చిన విమర్శకే సమాధాన మిత్తుము గాని బ్లాగులకు ఈయమనిరి. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. వీధిలో అఱచిన ప్రతివానికిని ఎవడు సమాధానము చెప్పగలడు?

ఆమె అఱచి యూరకుండలేదు. ఆ జీవిని తెప్పించి, తన ప్రయోగశాలలో పెంచి, ఆ పని యంతయు దినదినమును అందఱికి కనబడునట్లు వ్రాయుచు వచ్చెను. వ్యాసములో చెప్పిన పాకము ప్రకారము చేసిన నీటిలో ఆ జీవి సరిగా పెరుగకుండుటయు, ఇంకొక పదార్థమును కొంచెము చేర్చిన పిమ్మట పెరుగుటయు అందున్నవి. గెలిచినచో పేరు, ఓడినచో నవ్వులపాటు, రెండింటిలో ఏది యగునో తెలియకముందే లోకము చూచుచుండగా పుట వ్రాయుటకు గుండె కావలెను. ప్రిన్స్‌టన్ వారితో కలిసి తుది పరీక్ష చేయగా, బాగుగా కడిగిన వంశబీజ పదార్థములో పాషాణము కానరాలేదు. స్విట్జర్లాండు దేశపు మఱియొక బృందమును ఆ జీవికి భాస్వరము కావలయుననియే తేల్చెను. 2012 జులైలో రెండు వ్యాసములును అదే సైన్స్ పత్రికలో వచ్చెను. మొదటి వ్యాసమును ఆ పత్రిక 2025 జులైలో ఉపసంహరించుకొనెను. కపటము జరిగినదని పత్రిక చెప్పలేదు. వ్యాసకర్తలు ఉపసంహరణమున కొప్పుకొనలేదు. ఆవర్జాలో తప్పు పద్దును కొట్టివేయుటకు పదునాలుగు సంవత్సరములకు పైగా పట్టెను. చిట్టాలో ఆ తప్పు రెండు దినములలో బయటపడెను.

ఇటీవల ఈ పుస్తకములు మఱొక మెట్టు ఎక్కినవి. లెక్క వేసినచో లెక్క యొక్క ఫలితమునే గాక, లెక్క వేయు విధానమును సైతము అందే యుంచి, చదువరి తానును ఆ లెక్కను తిరిగి వేసి చూచుకొనునట్టి నోటుపుస్తకము వచ్చినది. 2014 నుండి దీనిని జూపిటర్ అని పిలుచుచున్నారు. జూలియా, పైథాన్, ఆర్ అను మూడు కంప్యూటరు భాషల పేర్ల నుండి ఆ పేరు కూర్చిరి; గురుగ్రహపు చంద్రులను గూర్చి గెలీలియో వ్రాసికొనిన పుటలకు నమస్కార రూపముగా కూడ నది యున్నది. 2015 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని లైగో యంత్రములకు, నూటముప్పది కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఢీకొనిన తరంగము తగిలెను. 2016 ఫిబ్రవరిలో ఆ సంగతిని ప్రకటించినప్పుడు, కొలతలతోపాటు ఇట్టి నోటుపుస్తకమును అందఱికి ఉచితముగా ఇచ్చిరి. కళాశాలలో చదువు మీ మనుమడు దానిని తెరచి, వరుసగా మీటలు నొక్కినచో, మోత వంటి అల్లరిలోనుండి ఆ తరంగము బయటపడుటయు, చివరకు పిట్టకూత వంటి ధ్వనిగా వినబడుటయు తానే చూడగలడు.

ఇంత చెప్పినను, అందఱును తమ పుస్తకములను తెరచి పెట్టవలెనని నేను అనజాలను. దొంగతనపు భయమును ముందు చూతము. నా పనిని ఇంకొకడు ఎత్తుకొని పోడా యని యువకులు అడుగుదురు. ఉద్యోగము లేని యువకునకు ఇది కేవలము పిఱికితనము కాదు. వాని బ్రతుకు రెండు మూడు వ్యాసములపై ఆధారపడియున్నది. తేదీ వేసిన బహిరంగపు పుటయే దొంగకు విరుగుడని ఈ పద్ధతివారు చెప్పు సమాధానము సరియైనదే. పెట్టెలో నుండి పోయిన సొమ్మునకు సాక్షి లేడు గాని, నలుగురి యెదుట నున్న సొమ్మునకు నలుగురును సాక్షులు. అయినను సాక్షి యున్నంత మాత్రమున తగవు గెలుచుననుట మీ యనుభవమునకు సరిపడదు.

పేటెంటు కోరువాడు ముందుగా లోకమునకు చెప్పినచో పెక్కు దేశములలో ఆ హక్కు పోవును. మందు తయారుచేసి, పరీక్షించి, అంగడికి చేర్చుటకు పెట్టుబడి పెట్టువాడు ఆ హక్కు లేనిదే ముందునకు రాడు. కనుక ఏది తెరువవలెను, ఏది కొంతకాలము మూయవలెను అను విచారణ తప్పదు. రోగుల పేర్లు, వారి రోగములు వ్రాసిన పుటలు మాత్రము ఎన్నడును తెరువరాదు. ఇందు నాకు సందేహము లేదు.

నాకు వీనియన్నింటి కంటె బరువుగా తోచునది వేఱొకటి కలదు. నేనెఱిగిన యొక ప్రయోగశాలలో పెద్దాయన యొకరు ముప్పది సంవత్సరములు నూనెగింజలపై పనిచేసి ఉద్యోగ విరమణ చేసిరి. వారి నోటుపుస్తకములు రెండు బీరువాలనిండ నుండెను. గది ఖాళీ చేయవలసి వచ్చి, ఆ యేడే అధికారులు వానిని చిత్తుకాగితములు కొనువానికి తూకమున వేసిరి. ఆ పుస్తకములే నేడు దొరకినచో, అప్పటి విత్తనములకును ఇప్పటి విత్తనములకును గల భేదము తెలిసికొనుటకు వేఱు ప్రయోగము అక్కఱలేకపోయెడిది. కాగితమున కిట్టి గతి కలదని అంతర్జాలమున వ్రాసిన వానికి భయము లేదనుకొనరాదు. అక్కడి పుటలు ఒకరి యింటిలో అద్దెకున్నట్టివి. బ్రాడ్లీ వికీని నడపిన వికీస్పేసెస్ అను సంస్థ ఆయన గతించిన నాలుగేండ్లకు, 2018లో, మూతబడ నారంభించెను. ఏయే పదార్థము ఏయే ద్రవమున ఎంత కరగునను కొలతలను ఆయన ముందుచూపుతో పుస్తకముగా అచ్చు వేయించియుండెను. అట్టి చూపు లేని బ్లాగులు ఎన్నో నామరూపములు లేకుండ పోయినవి.

మన పూర్వులకు ఈ చిక్కు తెలియును. తాటాకు పురుగు పట్టకమునుపే దానిని చూచి క్రొత్త యాకుపై వ్రాయించువారు. బ్రౌను దొర కడపలో పండితులను పెట్టి, జీతములిచ్చి ప్రతులు వ్రాయింపనిచో మన కావ్యములలో కొన్నింటి గతి యేమగునో! కంప్యూటరు పుటకును ఇదియే మందు: ఒక్కచోట నుంచక పలుచోట్ల ప్రతులుంచుట, కొంతకాలమున కొకమారు క్రొత్త యంత్రములలోనికి ఎక్కించుట. యూరపులోని సెర్న్ అను పరిశోధన సంస్థ 2013 నుండి జెనోడో అను భాండాగారమును నడుపుచున్నది. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను తన పుటలను అందు ఉచితముగా దాచుకొనవచ్చును. దాచిన ప్రతిదానికిని మారని సంఖ్య యొకటి ఇత్తురు. బ్లాగు వ్రాయువారు ఏడాదికొకసారి తమ పుటలను ఇట్టిచోట చేర్చిన చాలును. ఇది నెలలు పట్టు పని కాదు, ఒక పూట పని. చేయువారు మాత్రము తక్కువ.

చార్లెసు డార్విన్ 1837లో వ్రాసికొనిన చిన్న పుస్తకములో జీవజాతుల వంశవృక్షమును మొట్టమొదట గీచిన బొమ్మ కలదు. ఆయన సిద్ధాంత గ్రంథము అచ్చయినది 1859లో. నడుమ ఇరువది రెండు సంవత్సరములు ఆ బొమ్మ ఆయన చిట్టాలోనే యుండెను. ఆ పుస్తకమును, దానికి తోడైన మఱియొకటియు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నుండెను. 2000 సంవత్సరమున ఛాయాచిత్రములు తీయుటకై బయటికి తెచ్చిరి. మఱుసటి యేడు చూడగా పెట్టె కానరాలేదు. ఇరువది సంవత్సరములు వెదకి, 2020లో దొంగిలింపబడినవని ప్రకటించిరి. 2022 మార్చిలో ఎవరో ఒక గులాబీరంగు సంచిలో వానిని పెట్టి, ఈస్టరు పండుగ శుభాకాంక్షలతో ఒక చీటీ జతపఱచి, గ్రంథాలయాధికారి గది బయట నేలపై వదలి పోయిరి. వారెవరో నాకు తెలిసినంతలో బయటపడలేదు. పుస్తకములు కనబడని ఆ ఇరువది యేండ్లును పండితులు ఆ ఛాయాచిత్రములతోను, అంతకుముందే అచ్చయిన ప్రతులతోను పని జరుపుకొనిరి. 2022 జులైలో ఆ రెండు పుస్తకములను ప్రజలు చూచుటకు గ్రంథాలయమున ప్రదర్శించిరి.